క్రాసోవర్ లేని స్పీకర్‌లో అయిదు పార్టులు: ఒక సింగిల్ డ్రైవర్ జత కథ

"పక్క గదిలో ఉండి వింటే బావుంది బాబూ. ఎదురుగా కూర్చుంటే మాత్రం చెవిలో గీరుతోంది."

ఈ మాట అన్నది మాస్టారి భార్య. స్పీకర్లు బిగించి అప్పటికి గంట కూడా కాలేదు. మూడు వారాలు కూర్చుని చేసిన జత అది. మాస్టారు మొహమాటపడి "బానే ఉందిలే" అంటున్నారు, ఆవిడ మాత్రం ఉన్నదున్నట్టు చెప్పేశారు. ఆ పూట నాకు చివుక్కుమన్న మాట నిజమే. ఇప్పుడు తలుచుకుంటే, ఈ పని మొత్తంలో మొదటి సరైన కొలత తీసింది ఆవిడే అనిపిస్తుంది. అదే సంగతి నా మైక్ చెప్పడానికి ఇంకో రెండు రోజులు పట్టింది.

ఏం కావాలన్నారు

మాస్టారు రిటైరై చాలాకాలమైంది. ఆయన ఎక్కువగా వినేది గాత్రం, వయొలిన్, వేణువు, వాటితో పాటు పాత మోనో రికార్డింగులు. గది 4.2 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు. యాంప్లిఫయర్ ఛానెల్‌కి 10 వాట్లది, దాన్ని మార్చే ఉద్దేశం ఆయనకి లేదు. అప్పటిదాకా ఆ గదిలో ఉన్నది నేల మీద నిలబడే త్రీ-వే జత, అంటే ఒక్కో పెట్టెలో కింద, మధ్య, పై శ్రుతులకి విడివిడిగా మూడు డ్రైవర్లు (శబ్దం పుట్టించే కోన్ యూనిట్లు). చెడ్డవేం కావు. కానీ ఆయన కుర్చీకీ వాటికీ మధ్య రెండు మీటర్లకి మించి దూరం లేదు.

"పాడేవాడి ఛాతీ ఒకచోట, పళ్లు ఇంకోచోట ఉన్నట్టుంది" అన్నారు.

నవ్వొచ్చింది కానీ, అందులో తప్పేం లేదు. మూడు డ్రైవర్లు అరమీటరు ఎత్తున పరుచుకుని ఉంటే, వాటి శబ్దాలు ఒకదాంట్లో ఒకటి కలవడానికి కొంత దూరం కావాలి. ఆ దూరం ఈ గదిలో లేదు. పైగా మామూలు టూ-వే, త్రీ-వే పెట్టెల్లో ట్వీటర్‌కి (పై శ్రుతుల చిన్న డ్రైవర్‌కి) అప్పజెప్పే చోటు, అంటే క్రాసోవర్, తరచుగా 2, 3 కిలోహెర్ట్జ్ దగ్గర పడుతుంది. చెవి చాలా చురుగ్గా ఉండే చోటు కూడా సరిగ్గా అదే. అతుకు బాగా కుదిరితే ఎవరికీ తెలియదు. కుదరకపోతే ముందుగా తెలిసిపోయేది గొంతులోనే.

సింగిల్ డ్రైవర్‌లో ఆ అతుకు ఉండదు. ఒకే కోన్, దాన్ని కదిపే ఒకే వాయిస్ కాయిల్. శబ్దం ఒక్కచోటి నుంచే వస్తుంది, కాబట్టి దగ్గరగా కూర్చున్నా విడిపోదు. మోనో రికార్డింగు పెడితే గొంతు రెండు పెట్టెల మధ్య గాల్లో గుండుసూదితో గుచ్చినట్టు నిలబడుతుంది. మాస్టారికి కావలసింది అదే కాబట్టి సరేనన్నాను.

దీనికి చెల్లించాల్సిన మూల్యం కూడా ముందే చెప్పాను. శబ్దం స్థాయి అంతే ఉంచి ఒక ఆక్టేవ్ కిందకి, అంటే సగం ఫ్రీక్వెన్సీకి, దిగితే కోన్ నాలుగింతలు కదలాలి. నేను అనుకున్న డ్రైవర్ కోన్ వైశాల్యం 82 చదరపు సెంటీమీటర్లు. మీటరు దూరంలో 90 డెసిబెల్స్ రావాలంటే, వెనక గోడ దన్ను ఉందనుకున్నా, 100 హెర్ట్జ్ దగ్గర కోన్ అటూ ఇటూ ఒకటిన్నర మిల్లీమీటర్లు ఊగాలి. అదే 50 హెర్ట్జ్ దగ్గరైతే దాదాపు ఆరు మిల్లీమీటర్లు. ఈ డ్రైవర్ హద్దు మీరకుండా ఊగగలిగేది రెండు. పోర్ట్ (బాస్‌కి సాయంగా పెట్టెకి పెట్టే గొట్టం) కొంత ఆదుకుంటుంది కానీ అద్భుతాలు చేయదు. కోన్ బాస్ కోసం గట్టిగా ఊగుతున్నప్పుడు అదే కోన్ మీద కూర్చున్న గొంతు కూడా ఊగుతుంది, కాస్త మసకబారుతుంది.

"పెళ్లి బ్యాండు వినడానికి పనికిరావు మాస్టారూ" అన్నాను.

"నేనెందుకు వింటాను" అన్నారు.

డ్రైవర్ని కొలవడం

అయిదు అంగుళాల పేపర్ కోన్ డ్రైవర్. మధ్యలో పై ఫ్రీక్వెన్సీల కోసం విజర్ అనే చిన్న కోన్ ఉంది. డేటాషీట్ ప్రకారం ఎఫ్ఎస్ (కోన్ తనంత తాను ఊగే ఫ్రీక్వెన్సీ) 65 హెర్ట్జ్, క్యూటీఎస్ (ఆ ఊగుడు ఎంత అదుపులో ఉందో చెప్పే అంకె) 0.38, వీఏఎస్ (కోన్ సాగుడుకి సమానంగా సాగే గాలి) 15 లీటర్లు, సెన్సిటివిటీ (ఒక వాట్‌కి మీటరు దూరంలో వచ్చే శబ్దం) 91 డెసిబెల్స్. ఈ అంకెల భాష 1961లో ఆస్ట్రేలియాలో నెవిల్ థీల్ రాసిన పత్రంతో మొదలైంది, డెబ్బైల మొదట్లో రిచర్డ్ స్మాల్ దాన్ని సంపూర్ణం చేశాడు. అంతకుముందు పెట్టె సైజు చాలావరకు అనుభవం మీద, కొట్టి చూసి నిర్ణయించేవాళ్లు. ఇప్పుడు చెక్క కోయకముందే కాగితం మీద బాస్ ఎలా ఉంటుందో చూడొచ్చు. కాకపోతే కాగితం మీద వేసే అంకెలు మన చేతిలో ఉన్న డ్రైవర్‌వి అయ్యుండాలి, బ్రోషర్‌లో ఉన్నవి కాదు.

కొత్త డ్రైవర్ల ఇంపీడెన్స్ (కరెంటుకి అవి ఇచ్చే అడ్డు) కొలిస్తే ఎఫ్ఎస్ 78 వచ్చింది. మొదటిసారి ఇలా చూసినవాళ్లకి టెన్షన్ పుడుతుంది, మోసపోయామేమో అనిపిస్తుంది. కోన్ అంచు, వెనక దాన్ని పట్టి ఉంచే స్పైడర్ కొత్తలో బిగుతుగా ఉంటాయి, అంతే. రెండు డ్రైవర్లనీ ఎదురెదురుగా మూతి మూతి ఆనించి, ఒకదాని వైర్లు తిరగేసి, తక్కువ ఫ్రీక్వెన్సీ సిగ్నల్‌తో పన్నెండు గంటలు ఆడించాను. అలా తిరగేస్తే ఒకటి ముందుకి తోసినప్పుడు ఇంకోటి వెనక్కి లాగుతుంది, చప్పుడు చాలావరకు చంపుకుంటాయి, ఇంట్లోవాళ్లు నిద్రపోవచ్చు. తర్వాత కొలిస్తే 71, 73 వచ్చాయి.

వీఏఎస్ కోసం పాత పద్ధతే వాడాను. నాలుగు గ్రాముల పుట్టీ ముద్దని తూచి, సన్నటి వలయంలా చుట్టి కోన్ మధ్యలో అంటించాలి. ముద్ద బరువుకి 71 కాస్తా దాదాపు 50కి పడిపోయింది. దాన్నిబట్టి కదిలే భాగం బరువు 3.8 గ్రాములని తేలింది, అక్కణ్ణుంచి వీఏఎస్ 12.6 లీటర్లు, క్యూటీఎస్ 0.415. పుట్టీ తీసేటప్పుడు మాత్రం ఊపిరి బిగబట్టుకోవాలి. పేపర్ కోన్ ఒక పొర లేచి వచ్చేస్తే ఆ డ్రైవర్ పని అయిపోయినట్టే.

సస్పెన్షన్ (ఆ అంచూ, స్పైడరూ) బిగుతుగా ఉన్నప్పుడు ఎఫ్ఎస్ పెరుగుతుంది, క్యూటీఎస్ పెరుగుతుంది, వీఏఎస్ తగ్గుతుంది. మూడూ కలిసే కదులుతాయి. ఎఫ్ఎస్‌ని క్యూటీఎస్‌తో భాగిస్తే డేటాషీట్‌కైనా, నా కొలతకైనా 171 వచ్చింది. అంటే మోటారు (అయస్కాంతం, వాయిస్ కాయిల్), కోన్ బరువు చెప్పినట్టే ఉన్నాయి, తేడా అంతా సాగుడులోనే ఉంది. పెట్టెలో బిగించాక అందులోని గాలి స్ప్రింగ్‌దే పెద్ద వాటా కాబట్టి ఈ తేడా చెవికి పెద్దగా అందదు. ఈ నిష్పత్తే తేడాగా వస్తే మాత్రం డ్రైవర్ వెనక్కి పంపించడం మంచిది.

పెట్టె

లెక్క 15 లీటర్లు, పోర్ట్ ట్యూనింగ్ (గొట్టం మోగే ఫ్రీక్వెన్సీ) 63 హెర్ట్జ్ ప్రాంతంలో అని చెప్పింది. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్, బయటి కొలత వెడల్పు 21 సెంటీమీటర్లు, ఎత్తు 41.6, లోతు 28.6. లోపల పదహారున్నర లీటర్లు పడుతుంది. డ్రైవర్ వీపు, అడ్డకర్ర, గొట్టం తినేది పోగా పదిహేను మిగులుతాయి. అయిదు సెంటీమీటర్ల వ్యాసం గొట్టానికి 6.2 సెంటీమీటర్ల పొడవు. గొట్టాన్ని నేనెప్పుడూ మొదట అంటించను. గట్టిగా పట్టేలా దూర్చి వదిలేస్తాను, ఎందుకో కింద తెలుస్తుంది.

ఒక పని మర్చిపోయాను. డ్రైవర్ కూర్చునే రంధ్రానికి లోపలి వైపు అంచు ఏటవాలుగా కొట్టాలి. ఇంత చిన్న డ్రైవర్ వెనక ఫ్రేమ్‌కి ఉండే కిటికీలు చిన్నవి. 18 మిల్లీమీటర్ల చెక్క వాటి చుట్టూ గోడలా నిలబడితే కోన్ వెనక గాలి ఒక చిన్న సొరంగంలోంచి పోవాల్సి వస్తుంది. కోన్ పల్చటి కాగితం, వెనక ఇరుకున పడిన శబ్దం తిరిగి అందులోంచే బయటికొస్తుంది. పెట్టెలు అంటించేశాక గుర్తొచ్చింది. చెక్క అంచులు కొట్టే మిషను, రౌటర్, లోపలికి పోదు. ఆకురాయి పట్టుకుని ముందు రంధ్రంలోంచి చెయ్యి దూర్చి, ఒక్కో పెట్టెకి గంటన్నర అరగదీశాను. మణికట్టు మీద ఆ గీతలు వారం రోజులున్నాయి.

లోపల వెనక గోడకీ, ఒక పక్క గోడకీ శబ్దాన్ని పీల్చుకునే మందపాటి ఫెల్ట్ అంటించాను. పైనా కిందా వదిలేశాను. అది రెండో తప్పు.

మొదటి పూట

ఇక్కడే నా మొండితనం గురించి చెప్పాలి. సింగిల్ డ్రైవర్ చేసేవాళ్లలో చాలామందికి ఉన్న పట్టింపే నాకూ ఉండేది: యాంప్ నుంచి వైరు నేరుగా డ్రైవర్‌కి పోవాలి, మధ్యలో ఒక్క రెసిస్టర్ కూడా ఉండకూడదు. ఏదైనా పెడితే ఇంక సింగిల్ డ్రైవర్ ఎందుకు, అనేవాణ్ణి. అందుకే ఆ రోజు మాస్టారి గదిలో పెట్టెలు నేరుగా కలిపాను, గోడకి పదిహేను సెంటీమీటర్ల దూరంలో, రెండూ ఆయన కుర్చీ వైపు సూటిగా తిప్పి.

గొంతు నిజంగానే మధ్యలో నిలబడింది. మాస్టారి కళ్లు ఒక్క క్షణం పెద్దవయ్యాయి. రెండో పాటకి వచ్చేసరికి ఆయన వాల్యూమ్ తగ్గించారు. మూడో పాటకి ఇంకొంచెం. వినేవాడు మాటలతో ఏం చెప్పినా నేను చూసేది వాల్యూమ్ మీదున్న చేతినే. గొంతు సన్నగా, ముందుకి తోసుకొచ్చినట్టు ఉంది. మృదంగం ఎడమ వైపు దెబ్బలు మాత్రం ఏ శ్రుతిలో కొట్టినా ఒకే "గుమ్" అంటున్నాయి. సన్నగా ఉంది, అలాగని ఒకచోట మోగుతోంది కూడా. అప్పుడే అమ్మగారు వంటింట్లోంచి వచ్చి ఆ మాటన్నారు.

పెట్టెలు అక్కడే ఉంచి, మర్నాడు మైక్ తీసుకుని మళ్లీ వెళ్లాను. యూఎస్‌బీ కొలత మైక్, దాని కాలిబ్రేషన్ ఫైలు, ఉచితంగా దొరికే రూమ్ ఈక్యూ విజార్డ్ అనే సాఫ్ట్‌వేర్. గదిలో కొలిచేటప్పుడు గోడల నుంచి తిరిగొచ్చే శబ్దం కలవకుండా మొదటి కొన్ని మిల్లీసెకన్లే తీసుకోవాలి. అలా కత్తిరిస్తే రెండొందల హెర్ట్జ్ కింద నమ్మడానికేమీ మిగలదు. కింద భాగానికి మైక్‌ని కోన్‌కి అంగుళం దూరంలో, తర్వాత పోర్ట్ మూతి దగ్గర పెట్టి విడిగా కొలవాలి. కుర్చీ దగ్గర గది మొత్తాన్ని కలుపుకుని ఇంకో కొలత. ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే తప్ప ఏది డ్రైవర్ తప్పో, ఏది పెట్టె తప్పో, ఏది గది తప్పో విడిపోదు.

విడిపోయాక నాలుగు సంగతులు తేలాయి.

గుమ్మనేది గది. 3 మీటర్ల వెడల్పుకి మొదటి మోడ్ (గది తనంత తాను మోగే ఫ్రీక్వెన్సీ) 57 హెర్ట్జ్ దగ్గర పడుతుంది. నేను పోర్ట్‌ని 63కి ట్యూన్ చేసి సరిగ్గా ఆ మంటలో నెయ్యి పోశాను. అంటించని గొట్టం ఇక్కడ పనికొచ్చింది. 6.2 తీసేసి 10.8 సెంటీమీటర్ల ముక్క దూర్చితే ట్యూనింగ్ 52కి దిగింది. అరవై చుట్టూ పెట్టె తనంత తానే కొంచెం వాలిపోయింది, గది దాన్ని ఎత్తిపెట్టింది. లెక్క ప్రకారం అంత చదునైన ట్యూనింగ్ కాదిది. ఈ గదిలో మాత్రం ఇదే చదును. పెట్టెని వెనక గోడ నుంచి నలభై అయిదు సెంటీమీటర్లు ముందుకి లాగితే మిగతాది కూడా సర్దుకుంది.

రెండోది పోర్ట్‌లోంచి గొంతు రావడం. పోర్ట్ మూతి దగ్గర కొలతలో 450 హెర్ట్జ్ ప్రాంతంలో ఒక ముల్లు లేచింది. చెవి పెట్టి వింటే నిజంగానే బావిలోంచి ఎవరో మాట్లాడుతున్నట్టుంది. లోపలి ఎత్తు 38 సెంటీమీటర్లు. పైనా కిందా గోడల మధ్య నిలబడే తరంగం లెక్కకట్టండి, 453 వస్తుంది. నేను ఫెల్ట్ వదిలేసిన గోడలు అవే. పోర్ట్ కింద మూలకి ఉంది, ఆ తరంగం ఒత్తిడి గట్టిగా ఉండే చోటే. పైనా కిందా రెండు వరసలు ఫెల్ట్ వేస్తే ముల్లు ముప్పాతిక వంతు పోయింది. మళ్లీ చేస్తే పోర్ట్‌ని వెనక గోడలో ఎత్తు మధ్యకి పెడతాను.

మూడోదీ నాలుగోదీ అంత సులువుగా వదల్లేదు. నా పట్టింపు పోవలసి వచ్చింది వాటి దగ్గరే.

నేల మీద పరిచిన పార్టులు

పెట్టె ముందు పలక వెడల్పు 21 సెంటీమీటర్లు. పొట్టి తరంగాలకి ఆ పలక గోడలా నిలబడుతుంది, శబ్దమంతా ముందుకే వస్తుంది. పొడుగు తరంగాలకి ఆ పలక కనబడదు, అవి పెట్టె చుట్టూ తిరిగి వెనక్కి కూడా పోతాయి. ముందు కూర్చున్నవాడికి సగమే మిగులుతుంది. దీన్నే బాఫిల్ స్టెప్ అంటారు. ఆరుబయట అయితే మొత్తం తేడా 6 డెసిబెల్స్. 115ని మీటర్లలో వెడల్పుతో భాగిస్తే మార్పు సగానికి వచ్చే చోటు తెలుస్తుంది: ఇక్కడ 548 హెర్ట్జ్. అంటే గొంతు నిండుతనం ఉండే చోటు తగ్గింది, దాని గరుకుతనం ఉండే చోటు అలాగే ఉంది. మొదటి పూట గొంతు సన్నగా వినబడింది దీనివల్లే. డ్రైవర్ ఎంత మంచిదైనా, ఎంత ఖరీదైనా ఇది తప్పదు. ఇది డ్రైవర్ గుణం కాదు, పలక వెడల్పు.

దిద్దడానికి ఒక కాయిల్, దానికి సమాంతరంగా ఒక రెసిస్టర్, ఈ జంట డ్రైవర్‌కి సిరీస్‌లో. కింద ఫ్రీక్వెన్సీలు కాయిల్‌లోంచి అడ్డులేకుండా పోతాయి, పైవి రెసిస్టర్‌లోంచి పోతూ తగ్గుతాయి. పుస్తకం ప్రకారం 6 డెసిబెల్స్ దిద్దాలి కదా అని మొదట 8.2 ఓమ్స్, 2.2 మిల్లీహెన్రీ పెట్టాను. మాస్టారు అరనిమిషం విని, "ముసుగేసినట్టుంది" అన్నారు. సరైన మాటే. ఆరు డెసిబెల్స్ లెక్క చుట్టూ గోడల్లేని చోటికి. గదిలో వెనక్కి పోయిన శబ్దంలో కొంత తిరిగొస్తుంది. 4.7 ఓమ్స్, 1.5 మిల్లీహెన్రీకి మార్చాను. డ్రైవర్ 8 ఓమ్స్ అనుకుంటే ఇది 4 డెసిబెల్స్ దిద్దుతుంది, మలుపు 500 హెర్ట్జ్ దగ్గర పడుతుంది.

ఆ సాయంత్రం నాకు బాగా గుర్తుంది. పార్టులన్నీ పెట్టె వెనక నేల మీద పరిచి, క్రొకడైల్ క్లిప్పులతో కలిపాను. రెసిస్టర్‌కి అడ్డంగా ఒక తీగ ముక్క. తీగ తగిలిస్తే పార్టులు లేనట్టు, తీస్తే ఉన్నట్టు. నేను నేల మీద కూర్చుని తీగ తగిలిస్తూ తీస్తూ ఉన్నాను. ఏ స్థితిలో ఉందో మాస్టారికి చెప్పలేదు. తీగ తగిలితే శబ్దం కాస్త గట్టిగా వస్తుంది, చెవి గట్టిదాన్నే మంచిదనుకుంటుంది. అందుకే ప్రతిసారీ వాల్యూమ్ కూడా సరిచేశాను. తొమ్మిది సార్లు మార్చాను. తొమ్మిదిసార్లూ ఆయన పార్టులున్న దాన్నే "ఇది మనిషి గొంతు" అన్నారు. ఆరోసారో ఏడోసారో నేనే కళ్లు మూసుకుని విన్నాను. పదేళ్ల పట్టింపు అక్కడే ఆ నేల మీద వదిలేశాను.

దీనికీ ఖర్చుంది. 91 ఉన్న సెన్సిటివిటీ 87కి దిగింది. కుర్చీని రెండున్నర మీటర్లకి జరిపాం. అంత దూరంలో రెండు పెట్టెలు కలిపి ఒక్కో వాట్‌కి 82 డెసిబెల్స్, పదేసి వాట్లకి 92, గది కలిపేది అదనం. మాస్టారు వినే స్థాయికి చాలు. ఇంకా చిన్న యాంప్ ఉన్నవాళ్లు ఈ నాలుగు డెసిబెల్స్ గురించి ముందే ఆలోచించుకోవాలి. కాయిల్ తీగకీ సొంత రెసిస్టెన్స్ ఉంటుంది, నాది అర ఓమ్. అది క్యూటీఎస్‌ని 0.44 దాకా లేపుతుంది. సన్నతీగ కాయిల్ వాడితే ఇంకా లేస్తుంది, బాస్ వదులవుతుంది. ఇక్కడ మాత్రం కక్కుర్తి పడకూడదు.

అమ్మగారి మాట

గీరుడు ఇంకా ఉంది. సూటిగా ఎదురుగా కొలిస్తే రెండున్నర నుంచి ఆరు కిలోహెర్ట్జ్ దాకా ఒక గుట్ట, శిఖరం 4 కిలోహెర్ట్జ్ దగ్గర, 5 డెసిబెల్స్ ఎత్తు. చాలా ఫుల్‌రేంజ్ డ్రైవర్లకి ఇలాంటిది ఉంటుంది. కోన్ ఒక్క ముక్కలా కదలడం ఆపేసి, వంగుతూ విరుగుతూ మోగే చోటు అది. విజర్ కూడా తన వంతు కలుపుతుంది.

ఈ కోన్ పనిచేసే వ్యాసం 10.2 సెంటీమీటర్లు. 3.4 కిలోహెర్ట్జ్ దగ్గర తరంగం పొడవు సరిగ్గా అంతే. అక్కణ్ణుంచి పైకి శబ్దం టార్చి వెలుగులా సన్నబడుతూ పోతుంది. గుట్ట ఉన్నది ఆ వెలుగు మధ్యలో. దాన్ని పట్టుకుని నేను కుర్చీ మీదకే సూటిగా తిప్పాను! పక్క గదిలో ఉన్నవాళ్లకి అందేది అన్ని వైపులకీ చెదిరిన శబ్దం మొత్తం. అందులో గుట్ట దాదాపు కరిగిపోతుంది. ఆవిడకి బావుందనిపించింది అందుకే. రెండు గదుల్లో రెండు రకాలుగా వినబడిందంటే తప్పు డ్రైవర్ పలికే తీరులో ఎంత ఉందో, అది చిమ్మే దిశలో అంత ఉంది.

అందుకని పెట్టెల్ని బయటికి తిప్పాను. కుర్చీ నుంచి చూస్తే డ్రైవర్ మొహం ఇరవై డిగ్రీలు పక్కకి ఉండేలా. గుట్ట రెండు డెసిబెల్స్ తగ్గింది. ఇంకా తిప్పితే ఇంకా తగ్గుతుంది కానీ పది కిలోహెర్ట్జ్ పైన గాలి పూర్తిగా పోతుంది, వేణువులో ఊపిరి వినబడదు. ఇరవై దగ్గరే ఆపాను.

మిగిలిన మూడు డెసిబెల్స్‌కి ఇంకో మూడు పార్టులు: 0.33 మిల్లీహెన్రీ కాయిల్, 4.7 మైక్రోఫారడ్ కెపాసిటర్, 6.8 ఓమ్స్ రెసిస్టర్. మూడూ ఒకదానికొకటి సమాంతరంగా, మొత్తం కట్ట డ్రైవర్‌కి సిరీస్‌లో. కాయిల్, కెపాసిటర్ కలిసి 4.04 కిలోహెర్ట్జ్ దగ్గర దారి మూసేస్తాయి, శబ్దం రెసిస్టర్‌లోంచే పోవాలి. ఇక్కడ చాలామంది డ్రైవర్ని 8 ఓమ్స్ అనుకుని లెక్క వేసి, వేసిన కోత ఎందుకు చాల్లేదా అని జుట్టు పీక్కుంటారు. 4 కిలోహెర్ట్జ్ దగ్గర ఈ డ్రైవర్ ఇంపీడెన్స్ 12 ఓమ్స్, పైన మనం ముందే పెట్టిన 4.7 ఉండనే ఉంది. 16.7కి 6.8 కలిపితే 23.5, అంటే సుమారు 3 డెసిబెల్స్ కోత. ఎనిమిదితో లెక్క వేసి ఉంటే అయిదు అనుకునేవాణ్ణి. కోత సన్నటి గాడిలా కాకుండా వెడల్పాటి పల్లంలా పడింది. గుట్ట కూడా వెడల్పాటిదే కాబట్టి సరిపోయింది. సన్నటి ముల్లు మీద ఇదే సర్క్యూట్ పెడితే చుట్టుపక్కల మంచి నేల కూడా తవ్వేస్తుంది.

ఈసారి అమ్మగారిని పిలిచి కుర్చీలో కూర్చోబెట్టాం. రెండు పాటలు విన్నారు. ఏమీ అనలేదు. మూడో పాట పెట్టమన్నారు.

అన్నట్టు, మధ్యలో ఒక రోజంతా తినేసిన సంగతి ఒకటుంది. కుడి పెట్టెలో 92 హెర్ట్జ్ దగ్గర జిర్రుమనే చప్పుడు. డ్రైవర్ మూడుసార్లు విప్పాను, గ్యాస్కెట్ మార్చాను, లోపలి వైరు గొట్టానికి తగులుతోందేమోనని కట్టేశాను, వెనక టెర్మినల్ నట్లు బిగించాను. డ్రైవర్ లోపలి వాయిస్ కాయిల్ రాసుకుంటోందని తేల్చేసి, కొత్త డ్రైవర్ తెప్పిద్దామని కూడా అనుకున్నాను. చివరికి సిగ్నల్ ఆడుతుండగానే మాస్టారు లేచి వెళ్లి అల్మరా గాజు తలుపు మీద చెయ్యి పెట్టారు. చప్పుడు ఆగిపోయింది. పెట్టె విప్పేముందు గదిలో తిరిగి అన్నిటి మీదా చెయ్యి పెట్టి చూడటం అప్పట్నుంచీ అలవాటు చేసుకున్నాను.

ఆరు నెలల తర్వాత

పార్టులన్నీ చిన్న చెక్క ముక్క మీద సోల్డర్ చేసి, పెట్టె వెనక బయటే బిగించాను, లోపల పెట్టలేదు. రెండు కాయిల్స్ ఒకదానికొకటి అడ్డంగా తిప్పి, దూరంగా ఉంచాను, లేకపోతే ఒకదాని అయస్కాంత క్షేత్రం ఇంకోదాంట్లో దూరుతుంది. బయట ఎందుకంటే, మాస్టారికి చెవులు మారొచ్చు, గది మారొచ్చు. 4.7 బదులు 3.3 వేసుకోవడానికి పెట్టె విప్పాల్సిన పని ఉండకూడదు.

ఆరు నెలలకి వెళ్లి మళ్లీ కొలిచాను. ఎఫ్ఎస్ 68కి దిగింది, పెట్టెలో బిగించి చూస్తే బాస్ గీత మాత్రం పాతదాని మీదే పడింది. లోపాలు లోపాలుగానే ఉన్నాయి. పెద్ద వాద్యబృందం ఒక్కసారిగా లేస్తే అంతా ఒకే మూటగా వస్తుంది. ఊరి నుంచి వచ్చిన మనవడు ఒకరోజు తన ఫోన్ తగిలించి డ్యాన్స్ పాటలు పెట్టాడట, కోన్ టప్‌టప్‌మని కొట్టుకుందట. 100 హెర్ట్జ్ కింద సబ్‌వూఫర్‌కి అప్పజెప్పేస్తే ఈ రెండూ చాలావరకు తీరతాయని చెప్పాను. "మళ్లీ అతుకా?" అన్నారు మాస్టారు. అతుకు అంత కిందైతే గొంతుకి తగలదని చెప్పి చూశాను, వినలేదు.

పోయిన నెల ఫోన్ చేశారు.

"బాబూ, గొంతు కిందకి దిగిపోయింది. బరువెక్కింది. నీ కాయిలేమైనా కాలిందేమో చూస్తావా?"

"కాయిల్ కాలితే గొంతు బరువెక్కదు మాస్టారూ, సన్నబడుతుంది. గది ఎవరైనా తుడిచారా?"

ఒక్క క్షణం ఆగి, "నిన్న" అన్నారు.

"నేల మీద నల్ల టేపు గీతలున్నాయి చూడండి. పెట్టెలు గోడకి జరిగిపోయుంటాయి, ఆ గీతల మీదకి లాగండి."

ఫోన్ పక్కన పెట్టిన చప్పుడు, పెట్టె జరిపిన చప్పుడు, కాసేపటికి దూరం నుంచి పాట. ఫోన్ పెట్టేయడం మర్చిపోయినట్టున్నారు. చరణం అయ్యేదాకా విని నేనే కట్ చేశాను.